నూట నలభై నాలుగులో నలుడెవరు?

ఎనిమిది నెలలపాటు నేను అందరికీ ఒక అబద్ధం చెప్పాను. కావాలని కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో మూడు నాలుగు షాపులు తిరిగి, బేరమాడి, 144 హెర్ట్జ్ మానిటర్ ఒకటి కొనుక్కొచ్చాను. ఆ రాత్రే 'హాలో నైట్' పెట్టుకుని తెల్లారేదాకా ఆడాను. ఆ చిన్న పురుగు దూకే తీరులో, మేకు విసిరే తీరులో ఇంతకుముందు లేని నునుపేదో కనిపించింది. "ఒకసారి 144 చూశాక మళ్ళీ 60కి వెళ్ళలేం బాస్" అని ఆఫీసులో, వాట్సాప్‌లో, చివరికి ఒక పుస్తకావిష్కరణ సభ బయట టీ తాగుతూ కూడా చెప్పాను.

ఎనిమిది నెలల తర్వాత ఖమ్మం నుంచి మా పిన్ని కొడుకు వచ్చాడు. ఆట మొదలుపెట్టి రెండు నిమిషాలు కాకముందే ఆపేసి, డిస్‌ప్లే సెట్టింగ్స్ లోపలికి వెళ్ళి, నావైపు తిరిగి అన్నాడు: "అన్నా, ఇది అరవైలనే ఉంది. ఎన్నడన్న చూస్కున్నవా?"

చూసుకోలేదు. కొత్త మానిటర్ తగిలించినంత మాత్రాన విండోస్ దాన్ని పూర్తి వేగంతో నడుపుతుందని లేదు. చాలాసార్లు 60 దగ్గరే ఉండిపోతుంది, మనమే వెళ్ళి మార్చుకోవాలి. అంటే ఎనిమిది నెలలు నేను చూసింది పాత 60నే. మరి నాకు కనిపించిన ఆ నునుపు ఏమిటి?

ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి పుట్టింది. మామూలుగా ఇలాంటి విషయాలు కొనుగోలు సలహాల కింద చెలామణీ అవుతాయి: ఏ ప్యానెల్, ఎన్ని హెర్ట్జ్, ఎంత బడ్జెట్. కానీ తెర ఎలా చూపిస్తుందన్నది సాంకేతిక ప్రశ్న ఎంతో, సౌందర్య ప్రశ్న కూడా అంతే. ఛందస్సు తెలియకుండా పద్యం గురించి ఎంత మాట్లాడగలమో, ఫ్రేము గురించి తెలియకుండా ఆట గురించి అంతే మాట్లాడగలం.

*

నాకు మొదట రిఫ్రెష్ రేట్ గురించి చెప్పింది నెట్ సెంటర్ అన్న. గంటకి పదిహేను రూపాయలు, కౌంటర్-స్ట్రైక్ 1.6, వరసగా ఎనిమిది లావుపాటి సీఆర్‌టీ మానిటర్లు. అందులో ఒకటి ఎప్పుడూ కళ్ళు మండించేది. నేరుగా చూస్తే బాగానే ఉండేది, పక్కసీటు నుంచి ఓరకంట చూస్తే మాత్రం రెపరెపలాడేది. అన్న వచ్చి ఎక్కడో నొక్కి 60ని 85 చేసేవాడు. రెపరెప ఆగిపోయేది. ఓరచూపుకే రెపరెప బాగా తెలుస్తుందనీ, విండోస్ ఆ రోజుల్లోనూ 60 దగ్గరే మొదలయ్యేదనీ తర్వాతెప్పుడో తెలిసింది. ఆ పాఠం అప్పుడే నేర్చుకుని ఉంటే ఇప్పుడు పరువు దక్కేది.

ఆ లావు డబ్బాలు పనిచేసే తీరు ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక ఎలక్ట్రాన్ ధార తెరని పై నుంచి కిందకి, గీత తర్వాత గీతగా తడుముకుంటూ వెళ్తుంది. అది తాకిన చోట ఫాస్ఫర్ పూత వెలిగి, వెంటనే ఆరిపోతుంది. 85 హెర్ట్జ్‌లో ఒక్కో చుట్టుకీ దాదాపు 12 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో ఏ ఒక్క చుక్కైనా గట్టిగా వెలిగేది ఒకటీ రెండు మిల్లీసెకన్లే. మిగతా సమయమంతా అక్కడ దాదాపు చీకటే. మనం గంటలకొద్దీ చూసిన ఆ తెరలో ఎక్కువ భాగం, ఎక్కువసేపు, ఆరిపోయి ఉండేదన్నమాట.

అయినా, కాదు, అందువల్లే, కదిలే బొమ్మ దాని మీద కత్తి అంచులా కనిపించేది.

ఎల్‌సీడీ అలా కాదు. ఒక ఫ్రేము వచ్చాక, తర్వాతది వచ్చేదాకా దాన్ని కదలకుండా పట్టుకుని నిలబెడుతుంది. ఇక్కడే చిక్కు. కదిలే వస్తువుని చూస్తున్నప్పుడు మన కన్ను ఆగి ఉండదు, వస్తువుతోపాటు జారుతుంది. కన్ను జారుతోంది, బొమ్మ నిలబడి ఉంది. దాంతో రెటీనా మీద బొమ్మ పూసినట్టు అవుతుంది. లెక్క తేలికే: సెకనుకి 960 పిక్సెళ్ళ వేగంతో కదిలే బొమ్మ 60 హెర్ట్జ్‌లో 16 పిక్సెళ్ళ మేర అలుక్కుపోతుంది. 120లో 8, 240లో 4. పిక్సెల్ తక్షణం రంగు మార్చుకున్నా ఈ మసక పోదు. అందుకే పిక్సెల్ వేగంలో సాటిలేని ఓఎల్ఈడీ తెర మీద కూడా 60 హెర్ట్జ్ ఆట 60 హెర్ట్జ్ మసకతోనే ఉంటుంది.

తెలుగులో దేవతలకి 'అనిమిషులు' అని ఒక పేరుంది. రెప్పవేయనివాళ్ళు. నిమిషం అంటే సంస్కృతంలో రెప్పపాటే, మనం దాన్ని అరవై సెకన్లకి సాగదీశాం. సీఆర్‌టీ రెప్పవేసే తెర. ఎల్‌సీడీ అనిమిష. కళ్ళు మండని, ఎప్పుడూ వెలిగే దేవతల తెర కోసం మనం ఆ లావు డబ్బాలని పాతసామాన్లవాడికి వేశాం. పోగొట్టుకున్నది చీకటి. గత ఇరవై ఏళ్ళుగా 120, 144, 240, 360 అని ఎక్కుతున్న ఈ మెట్లన్నీ చాలావరకు ఆ పోయిన చీకటికి కడుతున్న వడ్డీ. ఇందులో వ్యంగ్యం ఏమిటంటే, మానిటర్లు మళ్ళీ రెప్పవేయడం నేర్చుకుంటున్నాయి. వెనకదీపాన్ని క్షణక్షణం ఆర్పి వెలిగించే పద్ధతులు ఎప్పట్నుంచో ఉన్నాయి. 2024 చివర్లో బ్లర్ బస్టర్స్ మార్క్ రెజోన్, టిమోతీ లోట్స్ కలిసి, వేగమైన తెర మీద సీఆర్‌టీ ధార గీత గీతగా దిగడాన్ని అనుకరించే షేడర్ ఒకటి విడుదల చేశారు. కోట్లు ఖర్చుపెట్టి పరిణతి చెందిన తెర చివరికి చేసే గొప్ప పని మా నెట్ సెంటర్ డబ్బాని అనుకరించడం!

*

ఇక అంకెల సంగతి. షాపువాడు హెర్ట్జ్‌లో మాట్లాడతాడు, కన్ను మిల్లీసెకన్లలో చదువుతుంది. 60లో ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 144లో 6.9. తగ్గింది దాదాపు పది. 144 నుంచి 240కి వెళ్తే తగ్గేది 2.8. 240 నుంచి 360కి 1.4. అట్టపెట్టె మీద అంకెలు బారలు చాస్తుంటే, కంటికి దక్కేది అంగుళాల్లో ఉంటుంది. ఇక "1 ఎంఎస్" అన్న ముద్ర సంగతి చెప్పనక్కర్లేదు. ఒక పెట్టె మీద అది పిక్సెల్ ఒక బూడిదరంగు నుంచి ఇంకో బూడిదరంగుకి మారే సమయం, అదీ అన్నిటికన్నా అనుకూలమైన చోట కొలిచింది. ఇంకో పెట్టె మీద వెనకదీపం ఆర్పి వెలిగిస్తే వచ్చే మసక కొలత. రెండూ ఒకే అక్షరాల్లో ఉంటాయి. చౌక వీఏ ప్యానెల్ మీద చీకటి గుహలో కెమెరా తిప్పి చూడండి, నలుపు వెనకాల నలుపు ఎలా ఈడ్చుకుంటూ వస్తుందో తెలుస్తుంది.

మా తమ్ముడూ నేనూ ఆ రాత్రి ఒక పరీక్ష పెట్టుకున్నాం. నేను కళ్ళు మూసుకోవాలి, వాడు సెట్టింగ్ మార్చాలి, నేను మౌస్ పట్టుకుని చెప్పాలి. 60కీ 144కీ తేడా పదికి పదిసార్లూ చెప్పాను. 120కీ 144కీ తేడా పదిలో ఆరుసార్లు. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. ఈ రెంటి మధ్య దూరం కూడా 1.4 మిల్లీసెకన్లే. ఇది సైన్సు కాదు, ఒక ఇంట్లో ఒక రాత్రి జరిగిన ఆట. కానీ రెండు సంగతులు తేలాయి. ఒకటి, తేడా నిజంగా ఉంది, "కంటికి ముప్పై దాటితే తెలియదు" అనేవాళ్ళది ఒట్టి మాట. రెండు, పది మిల్లీసెకన్ల తేడాని ఇట్టే పట్టుకోగల నేను, ఎవరూ పరీక్ష పెట్టనప్పుడు ఎనిమిది నెలలు లేని తేడాని కూడా చూశాను.

రెండోదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

*

మరి 24 ఫ్రేముల సినిమా మనకి ఎందుకు చాలుతుంది? 1920ల చివర్లో శబ్దం వచ్చాక 24 స్థిరపడింది. అది సౌందర్య సిద్ధాంతం కాదు, ధ్వని బాగా రావడానికీ ఫిల్ము ఖర్చు అదుపులో ఉండటానికీ కుదిరిన రాజీ. కానీ కెమెరా షట్టర్ సాధారణంగా సెకనులో నలభై ఎనిమిదో వంతు తెరుచుకుని, ఆ కాస్త సేపట్లో జరిగిన కదలికని ఫ్రేములోనే పులిమేస్తుంది. సినిమా ఫ్రేములో కాలం నాని ఉంటుంది. ఆటలోని ఫ్రేము అలా కాదు, ఒకానొక క్షణాన్ని పొడిగా కోసిన ముక్క. అందుకే దానికి ఎక్కువ ముక్కలు కావాలి.

అయితే ఎక్కువ ముక్కలు సినిమాకి మేలు చేస్తాయా? పీటర్ జాక్సన్ 2012లో 'ది హాబిట్'ని 48 ఫ్రేముల్లో చూపించాడు. ఆంగ్ లీ 2019లో 'జెమినీ మ్యాన్'ని 120లో తీశాడు. చూసినవాళ్ళలో చాలామందికి అద్భుతలోకం బదులు సెట్టు కనిపించింది, మేకప్ కనిపించింది. మన ఇళ్ళలో ఈ ప్రయోగం రోజూ జరుగుతోంది. కొత్త స్మార్ట్ టీవీ తెచ్చి 'మాయాబజార్' పెట్టండి. మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటే, మార్కస్ బార్ట్లే వెలుగునీడలు కాస్తా సీరియల్ షూటింగ్‌లా జారుతుంటాయి. టీవీ రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని ఊహించి దూరుస్తోందన్నమాట. 2018 డిసెంబరులో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ వీడియో చేసి మరీ దాన్ని ఆపుకోమని ప్రేక్షకుల్ని బతిమాలారు. మా నాన్నకి నేను ఆపేసి చూపిస్తే, "ముందే బాగుందిరా, ఇప్పుడు కుదుపులు వస్తున్నాయి" అన్నాడు. మళ్ళీ ఆన్ చేసి ఇచ్చాను. ఇల్లు ఆయనది.

సినిమాలో ఎబ్బెట్టుగా ఉన్న నునుపు ఆటలో ఎందుకు హాయిగా ఉంటుంది? నాకు తోచిన జవాబు ఇది: సినిమా చూసేవాడికి చేతులు లేవు. సినిమాలో ఫ్రేము ఒక బొమ్మ. ఆటలో ఫ్రేము ఒక జవాబు. నేను మౌస్ కదిపాను, అంటే ఒక ప్రశ్న వేశాను. ప్రపంచం దాన్ని లెక్కలోకి తీసుకుని, "అయితే ఇప్పుడు ఇలా" అని ఒక ఫ్రేముగా చెప్పింది. సెకనుకి 144 ఫ్రేములంటే 144 బొమ్మలు కాదు, సెకనుకి 144 సార్లు ఆ ప్రపంచం నా మాట వినడం.

ఇలా చూస్తే 2013లో వచ్చిన జీ-సింక్, ఆ తర్వాతి అడాప్టివ్ సింక్ నాకు పెద్ద అంకెలన్నిటికన్నా విలువైనవనిపిస్తాయి. అంతకుముందు మానిటర్ తన గడియారం ప్రకారం గుడి గంటలా కొట్టుకుపోయేది. ఆట అందుకోలేకపోతే బొమ్మ మధ్యకి చిరిగేది, లేదా ఒక ఫ్రేము తడబడేది. ఈ పద్ధతిలో ఆట ఫ్రేము తయారుచేసేదాకా మానిటర్ ఆగుతుంది. వేగం కాదు, వేచి చూడటం నేర్పారు.

ఫ్రేము ఆట లోపలి కాలం కూడా. 1978 నాటి 'స్పేస్ ఇన్వేడర్స్'లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళు వేగం పుంజుకుంటారు. గీయాల్సిన బొమ్మలు తగ్గడంతో ఆ చిన్న ప్రాసెసర్ త్వరగా గీసేది. నిషికాదో దాన్ని లోపంగా దిద్దకుండా అలాగే ఉంచాడు. గుండె దడ పెంచే ఆ చివరి నిమిషం అలా పుట్టింది. దీనికి చేదు రూపం 2014లో పీసీ మీద 'డార్క్ సోల్స్ 2'. 30 బదులు 60 ఫ్రేముల్లో ఆడితే కత్తులు రెట్టింపు వేగంతో అరిగిపోయేవి. ఫ్రేముల్ని లెక్కపెట్టి అరుగుదలని లెక్కగట్టడం వల్ల, మంచి మెషీన్ ఉన్నవాడి కత్తి తొందరగా విరిగేది. ఇక 'ఇంటూ ది స్పైడర్-వర్స్' (2018) ఈ విషయాన్ని కథలోకే తెచ్చింది. అడవిలో ఊయలూగే చోట పీటర్ ప్రతి ఫ్రేమూ కదులుతాడు, ఇంకా నేర్చుకుంటున్న మైల్స్ రెండు ఫ్రేములకోసారి కదులుతాడు. ఒకడు తడబడుతున్నాడని మాటల్లో చెప్పనక్కర్లేకుండా ఫ్రేములే చెప్పాయి. "30 ఫ్రేములా? ఛీ" అనే మన పీసీ గేమర్ల వెక్కిరింతకి ఈ ఉదాహరణలు జవాబు. అంకె తక్కువైతే నేరం కాదు. అది ఎవరు, ఎందుకు ఎంచుకున్నారన్నదే ప్రశ్న.

*

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. 2022లో ఎన్‌విడియా డీఎల్‌ఎస్‌ఎస్ 3తో ఫ్రేమ్ జనరేషన్ తెచ్చింది. ఆట గీసిన రెండు ఫ్రేముల మధ్య, ఆటతో సంబంధం లేకుండా, కార్డు ఊహించి ఒక ఫ్రేము గీస్తుంది. మరుసటి ఏడాది ఏఎండీ కూడా తనది తెచ్చింది. 2025 జనవరిలో డీఎల్‌ఎస్‌ఎస్ 4 ఆ ఊహని మూడు ఫ్రేముల దాకా పెంచింది. అదే వేదిక మీద 549 డాలర్ల 5070 కార్డు, 1,599 డాలర్లతో మొదలైన 4090తో సమానమని ప్రకటించారు. ఆ సమానత్వం ఊహించిన ఫ్రేముల్ని కూడా లెక్కలో కలిపితేనే.

నాకిక్కడ దమయంతి గుర్తొచ్చింది. మహాభారతంలోనూ శ్రీనాథుడి శృంగార నైషధంలోనూ ఉన్న కథే. స్వయంవరంలో ఆమె ముందు ఐదుగురు నలులు. ఒకడు నలుడు, నలుగురు ఆ రూపం వేసుకున్న దేవతలు. చూపుకి తేడా లేదు. కొత్త కార్డు పెట్టుకుని కూర్చున్న గేమర్ ముందున్నది కూడా అదే: ప్రతి నాలుగు ఫ్రేముల్లో ఒకటి నలుడు, మూడు వేషాలు. దమయంతికి చివరికి ఆనవాలు దొరికింది ఎక్కడ? దేవతలకి రెప్ప పడదు, చెమట పట్టదు, నీడ ఉండదు. అందంలో తేడా లేదు కాబట్టి ఆమె మనిషి బలహీనతల్ని పట్టుకుంది.

మనకీ ఆనవాలు కంటిలో దొరకదు, చేతిలో దొరుకుతుంది. రెండు ఫ్రేముల మధ్య మూడోది గీయాలంటే ఆ రెండోది ముందే సిద్ధమై ఉండాలి. అంటే నా చేతికి వచ్చిన నిజమైన జవాబుని కాసేపు వెనక ఆపి, ముందు ఊహల్ని చూపిస్తారు. ఆ ఆలస్యాన్ని తగ్గించే ఉపాయాలు ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. కానీ ఆట సెకనుకి 60 సార్లే నా మాట వింటుంటే, తెర మీద 240 కనిపించినా అది 60 సార్లే వింటోంది. కన్ను 240 అంటుంది, చెయ్యి 60 అంటుంది, ఒక్కోసారి ఇంకా తక్కువ అంటుంది. అందుకే ఏఎండీ తనే దీన్ని 60 ఫ్రేములైనా వస్తున్నచోట వాడమని చెబుతుంది. లేనివాడికి దారి చూపిస్తుందనుకున్న సాధనం ఉన్నవాడి దగ్గరే బాగా పనిచేస్తుంది.

దీనికొక గట్టి అభ్యంతరం ఉంది. "ఆటలో ఏ ఫ్రేము నిజం? నీడలు మోసం, అద్దంలో ప్రతిబింబం మోసం, దూరపు కొండ ఒక అట్టముక్క. అన్నీ వేషాలే అయినప్పుడు ఈ మూడు ఫ్రేముల మీదే ఎందుకు పగ?" సరైన ప్రశ్నే. నిజంగానే, తీరుబడిగా కొండలెక్కి సూర్యాస్తమయం చూసే ఆటలో నేనూ దాన్ని ఆన్ చేసుకుంటాను, మసక తగ్గి కంటికి హాయిగా ఉంటుంది. కాబట్టి నా పేచీ వేషంతో కాదు. నీడ ఎంత మోసమైనా అది నేనెక్కడున్నానో లెక్కలోకి తీసుకుని గీసిన నీడ. మధ్య ఫ్రేము మాత్రం నన్ను అడగకుండా నా తరఫున ఇచ్చిన జవాబు. రెండూ వేరు వేరు వస్తువులు. వేరు వేరు వస్తువుల్ని ఒకే అంకెలో కూడి, ఒకే గ్రాఫులో నిలబెట్టడమే నా అభ్యంతరం. సున్నితత్వానికి ఒక అంకె చెప్పండి, స్పందనకి ఇంకో అంకె చెప్పండి. దేవతలు స్వయంవరానికి రావచ్చు, తప్పులేదు. తమ పేరుతో రావాలి.

*

మళ్ళీ ఆ ఎనిమిది నెలల దగ్గరికి. ఆ ఆనందం అబద్ధమా అని చాలాసార్లు ఆలోచించాను. కాదనుకుంటున్నాను. ఆ చిన్న పురుగు నేను నొక్కినప్పుడల్లా దూకింది. సెకనుకి అరవైసార్లు ఆ లోకం నా మాట విన్నది. ఆ అరవై చాలు, అది బాగా చేసిన ఆట కాబట్టి. నేను చెప్పిన అబద్ధం ఆనందం గురించి కాదు, ఆనందానికి కారణం గురించి. అంకె ముందు చదివి, తర్వాత దాన్ని కళ్ళతో చూశాను. మనం పుస్తకాలతో కూడా ఇదే చేస్తాం. అవార్డు వచ్చిందని తెలిశాక వాక్యాలు మరింత నిగనిగలాడతాయి.

విమర్శ చేయగల పని ఇక్కడ చిన్నదే, కానీ అవసరమైంది. కళ్ళు మూసుకుని, ఎవరినైనా సెట్టింగ్ మార్చమని, తెరిచి చూసి, చెయ్యి కదిపి చెప్పడం. తేడా తెలిస్తే తెలిసిందని, తెలియకపోతే తెలియలేదని.

మానిటర్‌ని ఇప్పుడు 144లోనే ఉంచాను. తేడా ఉంది, బాగుంది. కానీ తెర మూల ఆకుపచ్చ రంగులో ఎప్పుడూ గెంతుతూ ఉండే ఫ్రేముల లెక్కని మాత్రం తీసేశాను. అది ఉన్నంతకాలం నా చూపు ఆట మీద కన్నా దాని మీదే ఉండేది, పేజీ నంబర్లు చూసుకుంటూ నవల చదివినట్టు. తీసేసిన మొదటి రాత్రి కాస్త వెలితిగా అనిపించింది. రెండో రాత్రి, ఎన్నో నెలల తర్వాత, ఒక బాస్ చేతిలో పదకొండుసార్లు ఓడిపోయి, ఆ పదకొండుసార్లూ తప్పు నాదేనని ఒప్పుకున్నాను.